సొంత చెట్ల కలపతో ట్రాక్టరు సావిడి

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు దారిలో గుండుగొలను వద్ద నిలిచి చూచినచో రెండు సీమలు కలిసిన చోటు కనబడును. ఉత్తరముగా ద్వారకా తిరుమల వైపు మెరక భూములు, ఎర్రనేలలు, ఆయిల్‌పామ్, మామిడి, కొబ్బరి తోటలు కలవు. దక్షిణముగా కొల్లేటి వైపు పల్లము, నల్లరేగడి, వరిచేలు, చేపల చెరువులు. ఈ రెండు వైపులను ఒక సంగతి మాత్రము సమానము. లక్షలు పోసి కొన్న ట్రాక్టరు కళ్ళములోనో వీధిలోనో ఎండకు ఎండి, వానకు తడియుచుండును. టైర్లు పగుళ్ళు దీయును, రబ్బరు సీళ్ళు గట్టిపడి నూనె కారును, రోటవేటరు బేరింగులు తుప్పు పట్టును. అదే రైతు గట్టుమీద ఇరువది యేండ్లు పెరిగిన నల్లతుమ్మను వంటచెరకు ధరకు అమ్మివేసి, ఆ పిమ్మట ఇనుప గొట్టముల షెడ్డు కొరకు అప్పునకు పోవుట మనము చూచుచునే యున్నాము.

సొంత చెట్టు కోయించి సావిడి కట్టుకొనుట మన తాతలకు క్రొత్త గాదు. అయితే, "కర్ర షెడ్డు నాలుగేండ్లకే కూలినది, కర్ర పనికిరాదు" అను మాట కూడ మన గ్రామములలో వినబడుచున్నది. కూలిన సావిళ్ళను పరీక్షించి చూడుడు. దూలము నడుమ విరిగి కూలినవి అరుదు. గుంజ మొదలు నేలలో చివికియైనను, పైకప్పు గాలికి లేచియైనను కూలినవే ఎక్కువ. అనగా కర్రను లావు చేసినందువలన సావిడి నిలువదు. పాదము పొడిగా ఉంచి, తల గట్టిగా క్రిందికి కట్టినప్పుడే నిలుచును. ఈ వ్యాసములో చెప్పు కొలతలన్నియు ఆ రెండు పనులకొరకే.

ఏ చెట్టు దేనికి

నల్లతుమ్మ చేవ మన ప్రాంతమున బండి చక్రములకు, నాగళ్ళకు తరతరాలుగ వాడినది. గుంజలకును, ఏటవాలు ఊతకర్రలకును అదియే మేలు. దాని దోషమల్లా వంకర. పది అడుగుల తిన్నని మాను దొరకుట కష్టము. కావున గుంజ ఎనిమిది అడుగులకు మించకుండ సావిడిని రూపొందించుకొనుట మంచిది. వేప కూడ గుంజలకు, వాసములకు పనికివచ్చును. దాని చేవను చెదలు త్వరగా ముట్టవు. కాని చేవ చుట్టునుండు తెల్లకర్రకు ఆ గుణము లేదు. ఏ జాతియైనను తెల్లకర్రను నమ్మరాదు. పుచ్చు పురుగు మొదట పట్టునది దానినే.

గట్లమీద నాటిన టేకు పదిపదునైదేండ్లకే నరికినచో సగము తెల్లకర్రయే ఉండును. "టేకు" అను పేరు చూచి మోసపోరాదు. పాత మండువా యిండ్లలోని బర్మా టేకు వేరు, మన గట్టు టేకు వేరు. నిద్రగన్నేరు తేలిక, పలకలకు సరిపోవును, దూలమునకు వలదు. మామిడి పలక తడి తగులని చోట మాత్రమే. జామాయిల్ ఎండునపుడు మెలితిరిగి చీలును. దానిని కోయింపక గుండ్రని వాసముగనే వాడుట మంచిది. సరుగుడు వాసము బలమైనదే కాని పుచ్చు పట్టును, మందులో నానబెట్టక వాడరాదు.

పొడవైన కర్రలకు తాడిని మించినది మన సీమలో లేదు. ముదిరిన తాటిమాను మొదటి ముప్పది అడుగులలో వెలుపలి వలయము నల్లని నారతో ఇనుమువలె నుండును. లోపలి భాగము మెత్తనిది, దానిని పూర్తిగా చెక్కివేయవలెను. అది మిగిలినచోటనే చెదలు పట్టును. కొబ్బరియు అట్టిదే. అరువది యేండ్లు దాటిన చెట్టు మొదటి భాగపు వెలుపలి కర్ర గట్టిది. 1996 నవంబరు 6వ తేది తుఫానులో కోనసీమలో లెక్కకు మిక్కిలిగా కొబ్బరిచెట్లు కూలినప్పుడు, వానిలో ముదురు మానులు కలపకు పనికివచ్చునవే. ఆయిల్‌పామ్ మాను కూడ తాడివలె కనబడును గదా అని కొందరు అడుగుచుందురు. పనికిరాదు. అది నీటితో నిండిన మెత్తని నార, నరికిన కొలది నెలలకే కుళ్ళును.

కల్లు గీయుచున్న తాళ్ళను నరకవలదు. ఆ చెట్టు రైతు గట్టుమీద నున్నను, దానిపై ఒక గీత కార్మికుని కుటుంబము బ్రతుకుచుండును. గీతకు పనికిరాక విడిచిన ముదురు చెట్లు గ్రామమున దొరకును, అవియే కలపకు కూడ మేలైనవి.

నరుకుటకు ముందు

ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము 2002లో వచ్చినది. సొంత పొలములోని చెట్టయినను నరుకుటకు అనుమతి అవసరము కావచ్చును. కొన్ని జాతులకు మినహాయింపు కలదు. ఏ జాతికి అనుమతి కావలయునో, కోసిన కలపను లారీలోనో ట్రక్కులోనో తరలించుటకు ఏ పత్రము కావలయునో అటవీ రేంజి కార్యాలయమున వ్రాతమూలకముగ తెలిసికొని పిమ్మట గొడ్డలి పట్టవలెను. కాలువగట్టు, రోడ్డుప్రక్క చెట్లు మనవి కావు. మోటారు రంపపు బల్లను ఇంటివద్ద బిగించుట కూడ కోతమిల్లు క్రిందికి రావచ్చును, కోతమిల్లులకు లైసెన్సు నిబంధనలు కలవు. కావున లైసెన్సు గల మిల్లుకు దుంగలు తోలుకొనిపోవుట, లేదా చేతిరంపపు కోతవారిని పిలిపించుకొనుట సుళువు.

కొల్లేటి లోతట్టు గ్రామములవారికి మరొక మాట. సముద్రమట్టమునకు +5 అడుగుల కాంటూరు వరకు గల కొల్లేరు 1999లో అభయారణ్యముగ ప్రకటింపబడినది, 2002లో రామ్‌సార్ స్థలముగ గుర్తింపు పొందినది. 2006లో ఆ హద్దులోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టివేయించినది చాలమంది కండ్లారా చూచినదే. సావిడి స్థలము ఆ హద్దుకు వెలుపల నున్నదో లేదో ముందుగా సర్వే నంబరుతో విచారించుకొనవలెను.

నరుకుట, కోయుట, ఎండబెట్టుట

సార్వా కోతలు ముగిసిన డిసెంబరు, జనవరి నెలలు చెట్టు నరుకుటకు అనువైనవి. అప్పుడు గాలి చల్లగను పొడిగను ఉండి కలప నిదానముగ ఆరును. ఏప్రిల్, మే నెలల వడగాలిలో పచ్చికర్ర పైపొర ముందుగ ఎండి, లోపలి తడి కదలక, పగుళ్ళు దీయును. నరికిన దుంగ రెండు కొనలకు అదే దినమున మైనమో, తారో, ఏదియు లేకున్న పేడ కలిపిన జిగటమట్టియో దట్టముగ పూయవలెను. నీరు కర్ర ప్రక్కలనుండి కంటె కొనలనుండి ఎన్నో రెట్లు త్వరగ పోవును. పగుళ్ళు అందుచేతనే కొనలలో మొదలగును.

దుంగ కొలుచుటలో రైతు నష్టపోవుట సామాన్యము. వర్తకుడు నడుమ చుట్టుకొలతను నాలుగవ వంతు చేసి, దానిని దానితోనే గుణించి, పొడవుతో గుణించును. నాలుగడుగుల చుట్టుకొలత, పది అడుగుల పొడవు గల దుంగకు ఈ లెక్కన పది ఘనపుటడుగులు వచ్చును. నిజముగ అందున్న కలప సుమారు 12.7 ఘనపుటడుగులు. ఈ లెక్క మోసము కాదు, తోలు, ముక్కలు పోవునని చేసిన పాత వ్యాపార మర్యాద. కాని అమ్మునపుడు ఒక లెక్క, కొనునపుడు ఒక లెక్క కాకుండ చూచుకొనవలెను. కోసిన పిమ్మట చేతికి వచ్చు చదరపు కలప నిజమైన ఘనపరిమాణములో సగమని ఎంచుకొనుట క్షేమము.

రంపము మందము కూడ లెక్కలోనిదే. మిల్లులోని పట్టీరంపము ఒక్కొక్క కోతకు రెండు మూడు మిల్లీమీటర్ల కర్రను పొట్టు చేయును. గొలుసురంపము ఎనిమిది మిల్లీమీటర్ల వరకు తినివేయును. నాలుగు కోతలకు ఒక అంగుళపు పలక పొట్టుపాలగును. గొలుసురంపమును దుంగలు నరుకుటకు ఉంచి, పలకలు దీయుటకు మిల్లునకు పోవుటయే లాభము. గట్టుమీది చెట్లకు ఎప్పుడో తీగ కట్టుటకు కొట్టిన మేకులు లోపల దాగియుండును. దుంగ తోలు చెక్కించి చూపిననే మిల్లువారు సంతోషముతో కోయుదురు.

నరికిన నెలలోపల కోయించవలెను. ఆరంగుళముల చదరపు గుంజకు, చేవ వ్యాసము ఎనిమిదిన్నర అంగుళములు కావలయును. అనగా తోలుతో సుమారు మూడడుగుల చుట్టుకొలత గల మాను. గుంజలో మాను నట్టనడుమనుండు బొడ్డు సరిగా మధ్యనుండునట్లు కోయించి, లోపలివైపుకు వచ్చు ముఖముపై నిలువునా ఒక అంగుళము లోతు రంపపుగాటు పెట్టించవలెను. కర్ర కుదించుకొనుట తప్పదు. ఆ గాటులో విచ్చుకొనిన మిగిలిన మూడు ముఖములు పగుళ్ళు తక్కువగ నుండును. పలకలలో బొడ్డును ఉంచనేరాదు.

కోసిన కర్రను నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మలమీద పేర్చవలెను. వరుసకు వరుసకు నడుమ అంగుళము మందము గల బద్దలను రెండడుగుల కొకటి చొప్పున పెట్టి, అవి క్రిందినుండి పైవరకు ఒకే నిలువులో ఉండునట్లు చూడవలెను. బద్దలు ఒకదానిపై ఒకటి రానిచో పై బరువునకు క్రింది పలక వంగును, వంగి ఎండిన కర్ర మరల తిన్నబడదు. పైన రేకు గాని తాటాకు గాని కప్పి, ప్రక్కలు గాలికి విడువవలెను. కుప్ప పొడవువైపు గాలికి ఎదురుగ నుండిన మంచిది. టార్పాలిన్ చుట్టి కట్టుట మాత్రము చేయరాదు. లోపల బూజు పట్టును.

ఎంతకాలము? మన వాతావరణములో అంగుళపు పలక మూడు నాలుగు నెలలకు, రెండంగుళముల కర్ర ఎనిమిది తొమ్మిది నెలలకు ఆరును. ఆరంగుళముల గుంజ ఏడాదికైనను లోపల తడిగనే యుండును. అయినను గుంజకు దానివలన హాని తక్కువ. ఆరినదో లేదో చేతితో తడిమి చెప్పలేము. కుప్ప నడుమనుండి ఒక పలకను దీసి, కొననుండి ఒక అడుగు లోపలగా ఒక చిన్న ముక్క కోసి, వంటింటి తక్కెడలో తూచి, పొయ్యిమీద మూసిన మూకుడులో మాడకుండ, బరువు తగ్గుట నిలిచిపోవువరకు ఎండబెట్టి మరల తూచవలెను. మొదట 300 గ్రాములు, చివరకు 250 గ్రాములైన, పోయిన నీరు 50 గ్రాములు, అనగా ఎండిన కర్ర బరువులో నూటికి 20. నూటికి 15 ప్రాంతమునకు వచ్చినప్పుడు వాసములకు, పలకలకు వాడవచ్చును. పచ్చి కర్రలో ఈ సంఖ్య అరువది నుండి నూరువరకు ఉండును. నూటికి 30కి దిగువకు వచ్చువరకు కర్ర కొలత తగ్గదు, అక్కడినుండియే కుదింపు మొదలు. చాలమంది రెండు నెలలు ఆగి, పైన ఆరినదని పని మొదలిడుట సరిగా ఈ సమయముననే. బిగించిన బోల్టులన్నియు మరుసటి వేసవికి వదులగును.

మన వాడుకలో కర్రను చెరువులో నానవేయుట కలదు. అది మూఢాచారము కాదు. నీటిలో కర్రలోని చక్కెర, పిండి పదార్థములు కరగిపోయి పుచ్చు పురుగు తగ్గును. చెదలను మాత్రము ఆపదు. సరుగుడు, వెదురు వాసములకు నానవేయుటకంటె బోరాక్సు మందు మేలు. నూరు లీటర్ల నీటికి ఆరు కిలోల బోరాక్సు, నాలుగు కిలోల బోరిక్ యాసిడ్ కరగించి, పచ్చిగ నున్న వాసములను వారము దినములు ముంచి, తీసి, మూడు నాలుగు వారములు గోనెలతో కప్పి ఉంచినచో మందు లోనికి ప్రాకును. వాననీటికి ఇది కడుగుకొనిపోవును గాన కప్పుక్రింది కర్రలకే ఉపయోగము. మందు నీటిని చెరువులోనికి, పశువుల తొట్టిలోనికి పోనీయరాదు.

నేలలో పాతు కర్రలకు లోకమంతట వాడిన రాగి, క్రోమియము, ఆర్సెనిక్‌ల మందును కనిపెట్టినది మనదేశములోనే. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో సొంటి కామేశం గారు 1933లో దానిని రూపొందించిరి. విద్యుత్తు, టెలిఫోను స్తంభములు దానివలన దశాబ్దములు నిలిచినవి. ఆర్సెనిక్ విషము గాన అమెరికాలో 2003 చివరినుండి ఇండ్ల పనులకు దాని వాడుక నిలిపిరి. అట్టి మందు పెట్టిన పాత స్తంభములు చవకగ దొరికినచో పశువుల గాడికి వాడరాదు, ముక్కలను పొయ్యిలో కాల్చనేరాదు. ఇక ఇంజను మురికినూనె పూయుట అను అలవాటు. నల్లగ నిగనిగలాడుట తప్ప చెదలకు అది అడ్డు గాదు, పైగా నిప్పునకు ఆహారము.

పాదము

మండువా లోగిళ్ళలో స్తంభము నేలలో పాతియుండదు. చెక్కిన రాతి దిమ్మపై నిలబెట్టియుండును. నూరేండ్ల ఇంటికి, నాలుగేండ్ల పాకకు గల భేదము సగము అక్కడనే యున్నది. నేలలో పాతిన కర్ర మట్టమునకు ఒక జానెడు క్రిందను, జానెడు పైనను కుళ్ళును. అచ్చట తడియు గాలియు రెండును దొరకును గాన శిలీంధ్రములకు అది విందు.

ఇందు వివరించు సావిడి పొడవు 21 అడుగులు, వెడల్పు 14 అడుగులు. రోటవేటరు తగిలించిన ట్రాక్టరు నిలుచును, ప్రక్కన మనిషి తిరుగవచ్చును. ఏడేసి అడుగుల దూరమున నాలుగు చట్రములు, ఎనిమిది గుంజలు. ఒక్కొక్క గుంజ క్రింద కాంక్రీటు దిమ్మ. గుంట అడుగున రెండడుగుల చదరము, అడుగు మందము. దానిపై అడుగున్నర చదరపు కంబము, భూమిలో మూడడుగులు, భూమిపై అడుగున్నర. దిమ్మ సుమారు 14 ఘనపుటడుగులగును, బరువు 950 కిలోలు. ఈ బరువు ఎందులకో ముందు చెప్పెదను.

ఎర్రనేలలో ఈ లోతు చాలును. నల్లరేగడిలో వేసవిలో బీటలు దీసి, వానలో ఉబ్బును గనుక, బీటల లోతును చూచి, వానికి దిగువకు గుంట పోవునట్లు అడుగో రెండో పెంచవలెను. గుంట అడుగున అర అడుగు ఇసుక తడిపి దిమ్మిసవేసి, కంబము చుట్టు ఖాళీని కూడ తవ్విన రేగడితో గాక ఇసుకతోనో గ్రావెలుతోనో నింపవలెను. రేగడి ఉబ్బి కంబమును పట్టి పైకెత్తకుండుటకు ఇది. పల్లపు గ్రామములలో పెద్ద వరద సంవత్సరమున ఆ చోట నీరు ఎంతవరకు నిలిచినదో ముసలివారి నడిగి, సావిడి నేలను దానికి ఎగువగ పెంచవలెను. బుడమేరు, తమ్మిలేరు నీరు కొల్లేటికి వచ్చినపుడు, సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. నీరు ఒక దినములో తీయదు. సావిడి నేల నేలమట్టమునకు అడుగు ఎత్తు చేసినచో, గుంజ పాదము దానికి ఇంకను అర అడుగు పైన నుండును.

దిమ్మ పోయునపుడే అర అంగుళము ఎడముతో రెండు ఇనుప పట్టీలను (50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందము) అని కొందరు మేస్త్రీలు చెప్పుదురు గాని, పట్టీల నడుమ ఎడము గుంజ మందమునకు సరిపోవలెను, అనగా ఆరంగుళములు. పట్టీలు కాంక్రీటులోనికి రెండడుగులు దిగి, కొనలు వంచియుండవలెను. పైన అడుగు ఎత్తున రెండు 12 మిల్లీమీటర్ల బోల్టులు గుంజలోగుండ పోవును. దిమ్మకు గుంజకు నడుమ అంచులు క్రిందికి వంచిన దప్పపు రేకు వేయవలెను. తడి పైకి రాదు. చెదలు వచ్చినను రేకు అంచు చుట్టి మట్టిగొట్టము కట్టుకొనియే రావలెను గాన కంటికి కనబడును. నెలకొకసారి చూచి గీకివేసిన చాలును.

గాలి లెక్క

మన తీరమున తుఫానులు మే నెలలోను, అక్టోబరునుండి డిసెంబరువరకును వచ్చును. 1977 నవంబరు 19న దివిసీమ, 1990 మే, 1996 నవంబరు, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచాంగ్ మనకు తెలిసినవే. గాలి కప్పును నెట్టునని అందరు అనుకొందురు. నిజమునకు వాలు తక్కువగల కప్పును గాలి పైకి ఎత్తును.

లెక్క సులభము. సెకనుకు ఇన్ని మీటర్లని గాలి వేగమును దీసికొని, దానిని దానితోనే గుణించి, 0.6తో గుణించిన, చదరపు మీటరుకు న్యూటనులలో ఒత్తిడి వచ్చును. గంటకు 162 కిలోమీటర్ల గాలి అనగా సెకనుకు 45 మీటర్లు. ఒత్తిడి 1,215 న్యూటనులు, సుమారు 124 కిలోల బరువునకు సమానము. మన సావిడికి చుట్టు రెండడుగుల చూరుతో కప్పు విస్తీర్ణము 42 చదరపు మీటర్లు. పూర్తి ఒత్తిడి పైకి లాగినదనుకొన్న 5,200 కిలోలు. రేకు, కర్ర కలిసి కప్పు బరువు 850 కిలోలకు మించదు. మిగిలిన 4,350 కిలోలను ఎనిమిది గుంజలు పట్టుకొని నిలుపవలెను, అనగా గుంజకు 545 కిలోలు. పైన చెప్పిన దిమ్మ 950 కిలోలు గనుక సరిపోవును, మూలల గుంజలకు గాలి లాగుడు ఎక్కువగుటకు కూడ కొంత మిగులు కలదు. దిమ్మలేక రెండడుగులు పాతిన గుంజ వానకు నానిన రేగడిలో ఎంత పట్టునో ఊహించుకొనుడు.

పెంకు కప్పు చదరపు మీటరుకు నలువది కిలోలవరకు బరువుండును, రేకు అయిదు కిలోలే. పాత పెంకుటిండ్లు కట్టుగట్టు లేకయే చాలమట్టుకు నిలిచినవనిన ఆ బరువే కారణము. పెంకు దీసి రేకు వేసినవారు వాసములు మునుపటివే గదా అని అతుకులను పట్టించుకొనరు. అక్కడనే ప్రమాదము. తాటాకు మాత్రము ట్రాక్టరు సావిడికి వలదు. వేడి సైలెన్సరు, డీజిలు, ఎండుటాకు ఒకచోట చేరరాదు.

మరియొకటి. ముందు తెరచి మూడువైపుల మూసిన సావిడి గాలికి నోరు తెరచిన సంచివంటిది. లోపల చేరిన గాలి క్రిందినుండి నెట్టును, పై గాలి లాగును. పైన చేసిన లెక్క అట్టి సావిడికి చాలదు. నాలుగువైపుల తెరచి విడుచుట, లేదా ప్రక్కలకు అంగుళము సందులతో పలకలు కొట్టి ముందు గట్టి గడియగల తలుపులు పెట్టుట, ఈ రెంటిలో ఒకటి చేయవలెను.

చట్రము

గుంజ ఆరంగుళముల చదరము, ఎనిమిదడుగుల పొడవు. అడ్డదూలమునకు ఒకే లావు కర్ర వెదకనక్కరలేదు. రెండంగుళముల మందము, ఆరంగుళముల వెడల్పు, పదునైదడుగుల పొడవు గల రెండు తాటిబద్దలను గుంజ తలకు రెండువైపుల గాట్లలో కూర్చుండబెట్టి, రెండు బోల్టులతో గుంజను నడుమ పట్టించిన చాలును. గాటు బరువును మోయును, బోల్టు లాగుడును ఆపును. బోల్టు బెజ్జము కర్ర కొనకు మూడున్నర అంగుళములకు దగ్గరగ నుండరాదు, కొన చీలిపోవును. తాటికర్రకు బెజ్జము వేయక మేకు కొట్టిన నిలువునా చీలును. నట్టు క్రింద రూపాయి బిళ్ళంత వాషరు చాలదు, రెండంగుళముల చదరపు రేకుబిళ్ళ వేయవలెను.

వాలువాసములు మూడంగుళములు అయిదంగుళములు. వెన్ను అడ్డదూలమునకు మూడుంబాతిక అడుగుల ఎత్తున నుండినచో వాలు సుమారు 25 డిగ్రీలు వచ్చును. అంతకంటె చదును చేసినచో గాలి లాగుడు పెరుగును. చూరును రెండడుగులకు మించి చాపరాదు. నడుమ నాలుగంగుళముల నిట్రాడ అడ్డదూలపు జంటబద్దల మధ్య దిగి బోల్టుతో నిలుచును. రేకు క్రింది అడ్డుబద్దలు తాడివి, ఒక్కొక్క వాలున నాలుగు.

ఏటవాలు ఊతకర్రలను మానివేయుట సర్వసామాన్యము, అది పొరపాటు. గుంజకు దూలమునకు నడుమ మూలలో ఊత లేని చట్రము అగ్గిపెట్టె తొడుగువలె ప్రక్కకు వాలును. వెడల్పువైపు ఎనిమిది, పొడవువైపు పండ్రెండు, మొత్తము ఇరువది ఊతలు. ఊత కొనను నాలుకవలె చెక్కి, గుంజలో తొలిచిన బెజ్జములో దిగవేసి, కర్ర చీలతో బిగించవలెను. తుమ్మ పూర్తిగ ఎండిన పిమ్మట ఉలికి లొంగదు. ఈ బెజ్జములను గుంజ సగము పచ్చిగ నున్నప్పుడే తొలిపించి, చీలలు మాత్రము ఎముకవలె ఎండిన సర్కారు తుమ్మవి వాడవలెను. గుంజ ఆరుకొలది చీలను బిగించి పట్టును.

కలప లెక్క ఇది. గుంజలు 16, వాలువాసములు 9, ఊతలు 7, నిట్రాడలు 2 ఘనపుటడుగులు, మొత్తము 34. నాలుగడుగుల చుట్టుకొలత, పదేసి అడుగుల పొడవు గల ఆరు తుమ్మ లేక వేప మానులు చాలును. అడ్డదూలములు 10, గుంజల తలలపై పొడవునా పోవు పట్టెలు 7, అడ్డుబద్దలు 11, మొత్తము 28 ఘనపుటడుగులు తాడి. నాలుగు ముదురు చెట్లు కావలెను.

ఒక్కొక్క చట్రమును నేలమీద పరచి, అతుకులు సరిచూచి, ఆ పిమ్మట నిలబెట్టవలెను. బరువు సుమారు 240 కిలోలు. ఎనిమిదిమంది మనుష్యులు, రెండు మోకులు, వెనుక ప్రక్కన ఆపుటకు రెండు వాసములు ఉండిన చాలును. ట్రాక్టరుకు మోకు కట్టి లాగుట ప్రమాదము. గాలి వీచు దినమున ఈ పని పెట్టుకొనరాదు. తూకపుగుండుతో నిలువు చూచి, తాత్కాలికముగ ఏటవాలు వాసములు కొట్టి, తరువాతి చట్రమునకు పోవలెను.

కప్పు కట్టునపుడు వరుస గుర్తుంచుకొనుడు. రేకు అడ్డుబద్దను, అడ్డుబద్ద వాలువాసమును, వాసము గుంజను, గుంజ దిమ్మను పట్టుకొనవలెను. ఒక్క లంకె మేకుతో సరిపెట్టినను తుఫాను అక్కడనే తెంచును. మేకు ప్రక్కలకు నిలుచును గాని నిలువున లాగిన ఊడును. అడ్డుబద్దకు వాసమునకు నడుమ ఇనుప పట్టీలో, రెండు చుట్లు చుట్టి మెలిపెట్టిన 8 గేజి తీగయో తప్పనిసరి. రేకుకు రబ్బరు వాషరు గల మరలు లేక కొక్కెపు బోల్టులు, చూరు అంచునను వెన్నువద్దను ప్రతి మడతకు ఒకటి, నడుమ మడత విడిచి మడతకు.

చెట్లు నరికిన గట్టుమీద అదే సంవత్సరము జూన్, జూలైలో తుమ్మగింజలు నాటవచ్చును. గింజలను మరిగించి దింపిన నీటిలో రాత్రంతయు నానబెట్టిన మొలక బాగుండును. తుమ్మ నీడకు వరి కొంత తగ్గును. కాని అది వేరులలో నత్రజనిని చేర్చు జాతి. ఛత్తీస్‌గఢ్ రైతులు వరిచేల నడుమనే దానిని పెంచుదురు. తూర్పు పడమరల గట్టుకంటె ఉత్తర దక్షిణముల గట్టుపై నాటి, క్రింది కొమ్మలు ఏటేటా కొట్టుచుండిన, నీడయు తగ్గును, మాను తిన్నగను పెరుగును.

సావిడి కట్టిన మొదటి వేసవి గడచిన పిమ్మట, జూన్‌లో, బోల్టులన్నిటిని మరల బిగించవలెను. ఒక్కొక్క నట్టు ఒకటి రెండు చుట్లు తిరుగును. మరల సెప్టెంబరు చివర ఒకసారి, నిచ్చెన వేసికొని పట్టీలను, మెలితీగలను, రేకు మరలను చేతితో లాగి చూడవలెను. తుప్పుపట్టిన తీగ మార్చివేయవలెను.